దోసకాయలో చేప ఉంటుందా? పాప చార్టు మీద ఆ బొమ్మ తీసేయమన్నారు

బ్రాడీపేట_పద్మ
మా పాప ఎనిమిదో తరగతి, గుంటూర్లోనే. శుక్రవారం స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంది. "సముద్రంలో ఒకరింట్లో ఒకరు" అని చార్టు వేసింది. శంఖంలో ఉండే పీత, పువ్వులాంటి జీవిలో దాక్కునే చేప, ఇవన్నీ బానే ఉన్నాయి. నాలుగో బొమ్మ దగ్గరే గొడవంతా. సముద్ర దోసకాయ అనే జంతువు లోపల సన్నటి పాములాంటి చేప కాపురం ఉంటుందని, అది దాని మలద్వారం గుండా లోపలికి వెళ్తుందని రాసింది. చార్టులు చూసే టీచరు గారు "ఇది అబద్ధం, పైగా అసభ్యం, తీసేయ్" అన్నారట. ఇది ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి చార్టు చుట్టేసి మంచం కింద పెట్టేసింది. నిన్నటి నుంచి సరిగ్గా అన్నం తినట్లేదు. అసలు ఇది నిజమేనా? నిజమైతే మర్యాదగా ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పండి. నేను బీకాం, నాకు ఇందులో ఓనమాలు కూడా రావు.

బెంజిసర్కిల్_బుజ్జి
వాట్సాప్ సరుకు లాగుంది అక్కా. చేప దోసకాయలో ఉండటమేంటి, మా ఫ్రిజ్‌లో కూడా రెండూ పక్కపక్కన పెట్టరు.

జువాలజీ_మాస్టారు
నూటికి నూరు పాళ్ళు నిజం. పాపకి ముందు ఆ మాట చెప్పి అన్నం పెట్టండి, మిగతాది నేను రాస్తాను.

ఇంగ్లీషులో పెర్ల్‌ఫిష్ అంటారు, మనం ముత్యపు చేప అనుకుందాం. కరాపిడే అనే కుటుంబం. సముద్ర దోసకాయ కూరగాయ కాదు బుజ్జీ, సముద్ర నక్షత్రానికి చుట్టం. ఇంటర్లో ఇఖైనోడర్మేటా అని చదివే ఉంటారు. దానికి మొప్పలు, ఊపిరితిత్తులు లేవు. వెనకవైపు ద్వారం లోపల కొమ్మలు కొమ్మలుగా రెండు గొట్టాలుంటాయి, శ్వాస వృక్షాలు అంటాం. ఆ ద్వారం గుండానే నీళ్ళు లోపలికి లాగి, అందులో ఆక్సిజన్ తీసుకుని, మళ్ళీ బయటికి కొడుతుంది. అంటే పద్మ గారూ, అది మలద్వారం ఒక్కటే కాదు, దానికి ముక్కు కూడా అదే. కాసేపు బిగించుకోగలదు గానీ మూసుకునే కూర్చోలేదు, ఊపిరి తీసుకోవాలిగా. చేప కాచుకునేది ఆ సందు కోసమే.

పులుసు_ప్రియ
పాములాంటి చేప అంటే మన మలుగేనా? బొమ్మిడాయా? పులుసు సంగతి కూడా చెప్పండి మాస్టారూ.

జువాలజీ_మాస్టారు
రెండూ కాదు. చూడటానికి మలుగులా ఉంటుంది గానీ అసలు మలుగుల వర్గం వేరు, ఇది వేరు. పొలుసు ఉండదు, పొట్ట దగ్గర రెక్కలు ఉండవు, తోక చివరికి సూదిలా సన్నబడిపోతుంది. చాలావాటికి ఒళ్ళు గాజులా ఉంటుంది, లోపల వెన్నెముక కనిపిస్తుంది. ఎక్కువ రకాలు జానెడు పొడవు. పులుసుకి ముక్క రాదు.

అక్వేరియం_వంశీ
పెర్ల్ గౌరామి గురించేనా? మా షాపులో జత ఉంది, విజయవాడ వస్తే చూపిస్తా. అది దేంట్లోనూ దూరదు, గాజుతొట్టెలో తిరుగుతుంటుంది.

తెనాలి_రమ
వంశీ, అది మంచినీళ్ళ చేప. పేరులో పెర్ల్ ఉంది అంతే. కేరళ వాళ్ళ కరిమీన్ని కూడా పెర్ల్‌స్పాట్ అంటారు, అదీ వేరే.

అక్వేరియం_వంశీ
సరే సరే, అర్థమైంది. మరి దీనికి ముత్యం పేరెందుకు?

తెనాలి_రమ
ఇది నాకు తెలుసు, మా నాన్నగారిది ముత్యాల పని. ఈ జాతిలో కొన్ని ముత్యపు చిప్పల్లో కూడా ఉంటాయి. చిప్ప లోపలికి ఇసుక రేణువో పురుగో వస్తే అది ఊరుకోదు, తన మెరుగు పొర పూసేస్తుంది, ముత్యం తయారయ్యే పద్ధతే అది. ఒక్కోసారి లోపల ఉన్న చేప చచ్చిపోతే దాని మీద కూడా పూస్తుంది. అలా చేప ఆకారం చెక్కుచెదరకుండా, తల నుంచి తోక దాకా ముత్యపు పొర కప్పుకుని గోడకి అంటుకుపోయిన చిప్పలు దొరికాయి. పేరు అలా వచ్చింది. ఒక పుస్తకంలో ఫోటో చూపించారు నాన్నగారు. తల దగ్గర కాస్త ఉబ్బెత్తు, తర్వాత సన్నగా వంకర తిరిగిన గీత, అంతా వెండి రంగులో. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి గీత వెంట జరుపుతూ ఉండేదాన్ని.

బ్రాడీపేట_పద్మ
రమా ఇది చదివి వినిపించాను, మంచం మీద లేచి కూర్చుంది. ఇంకా చెప్పండి.

నిజాంపట్నం_బోటు
మా బోటు మీద పదిహేనేళ్ళు తిరిగాను. వలలో కొసరు చేపలతో పాటు రకరకాల జిగురు జీవాలు పడతాయి, పేరు కూడా తెలియవు. ఈ చేపని మాత్రం ఎప్పుడూ చూడలేదు. చూడకుండా నమ్మమంటే ఎట్లా?

నీటిలోతు
అన్నా, మీరు చూడకపోవడంలో తప్పేం లేదు. పగలంతా అది లోపలే ఉంటుంది. మీ వలలో పడిన జీవాన్ని కోసి చూస్తే తప్ప తెలియదు.

నాది విజయవాడ సత్యనారాయణపురం. కొన్నేళ్ళు అండమాన్లో డైవింగ్ వాళ్ళ దగ్గర పనిచేశాను. ఒక రాత్రి టార్చి పట్టుకుని దిగాం. ఇసుక మీద నా ముంజేతంత దోసకాయ పడుంది, ఒంటినిండా కళ్ళలాంటి మచ్చలు. వెనక చివర రూపాయి బిళ్ళంత రంధ్రం మెల్లగా తెరుచుకోవడం, మూసుకోవడం. మూసుకున్నప్పుడు చుట్టూ ముడతలు, తెరిచినప్పుడు లోపల నల్లగా. దాని పక్కన ఏదో దారప్పోగు ఆడుతోంది అనుకున్నాను. లైటు కొంచెం వంచితే కన్ను మెరిసింది. అప్పుడు తెలిసింది అది చేపని. ముక్కు తెచ్చి ఆ రంధ్రానికి ఆనించింది. ఆనించి అలాగే ఆగింది. తర్వాత ఒళ్ళు వెనక్కి మడిచి, తోకని తన పక్కనించే జరుపుకుంటూ ముక్కు దగ్గరికి తెచ్చింది. రంధ్రం తెరుచుకోగానే తోక కొస లోపల పెట్టింది. మూసుకుంటే ఆగడం, తెరిస్తే ఇంకో అంగుళం. నాలుగైదు సార్లకి తల ఒక్కటే మిగిలింది. చివరికి అదీ పోయింది. ఇసుక మీద దోసకాయ మాత్రం ఉంది, ఏమీ జరగనట్టు.

గాలి అయిపోతోందని పైకి రమ్మని నా జతగాడు భుజం మీద కొట్టేదాకా అక్కడే ఉన్నాను.

నిజాంపట్నం_బోటు
తమ్ముడు కళ్ళారా చూశానంటున్నాడు కాబట్టి ఒప్పుకుంటున్నా. మరి మా వైపు?

నీటిలోతు
నేను చూసినవన్నీ పగడాల దిబ్బల పక్కనే అన్నా. మన సూర్యలంక వైపు అంతా ఇసుక, బురద నీళ్ళు. మనకి దగ్గర్లో అంటే మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ లాంటి చోట్ల దోసకాయలు ఎక్కువ. రామేశ్వరం వైపు వాళ్ళు వాటిని కడల్ అట్టై అంటారు, సముద్రపు జలగ అని.

బెంజిసర్కిల్_బుజ్జి
మాటలు వెనక్కి తీసుకుంటున్నా పద్మక్కా. కానీ ఒక అనుమానం. లోపల ఉన్న చేపకి అవసరం వస్తే ఎట్లా? ఇంటివాళ్ళ ఇల్లు పాడుచేస్తుందా?

జువాలజీ_మాస్టారు
మంచి ప్రశ్న, దీనికి జవాబు కూడా చేప ఒంట్లోనే ఉంది. మామూలు చేపకి మలద్వారం పొట్ట చివర ఉంటుంది. దీనికి గొంతు కింద, ఈదే రెక్కల దగ్గరే ఉంటుంది. తల కొంచెం బయటపెడితే చాలు, ఒళ్ళంతా తీసుకురావక్కర్లేదు. పాప బొమ్మలో ఆ చోట బాణం గుర్తు పెట్టమనండి.

కైకలూరు_చెరువు
నాకు ఇంకో అనుమానం. సముద్ర దోసకాయలో చేపల్ని చంపే విషం ఉంటుందని విన్నాను. మరి ఇది ఎలా బతుకుతోంది?

జువాలజీ_మాస్టారు
ఉంటుంది. సపోనిన్ల జాతి. కుంకుడుకాయ నురగ వచ్చేది సపోనిన్ల వల్లే, దోసకాయవి కూడా ఆ కోవలోవే.

కైకలూరు_చెరువు
అయితే నాకు బాగా తెలుసు ఆ సంగతి! రొయ్యల చెరువులో కలుపు చేపలు పడితే మేం టీ సీడ్ కేక్ వేస్తాం, ఇదివరకు ఇప్ప చెక్క వేసేవాళ్ళం. పని చేసేది అందులో ఉండే సపోనినే. కొలత ప్రకారం వేస్తే రొయ్యకి ఏమీ కాదు, చేప మాత్రం మొప్పలు దెబ్బతిని తేలిపోతుంది. ఒకసారి రాత్రి నానబెట్టి తెల్లారి చల్లాను, కాఫీ తాగి వచ్చేసరికి గట్టు పొడవునా జిలేబీ చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొచ్చేశాయి. అలాంటి దాంట్లో ఈ చేప కాపురం ఉంటుందంటే మామూలు విషయం కాదు.

జువాలజీ_మాస్టారు
మీ అనుభవం చార్టు మీదకి ఎక్కాల్సిందే. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో ఇదే చూశారు. దోసకాయ విషం కలిపిన నీళ్ళలో ముత్యపు చేపనీ, పగడాల దగ్గర ఉండే మామూలు చేపల్నీ ఉంచితే, మామూలువి త్వరగా పోయాయి, ఇది చాలాసేపు తట్టుకుంది. ఒంటి మీద దీనికి జిగురు పొర మిగతా చేపల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ జిగురే దీనికి కవచం అయి ఉండొచ్చని అన్నారు.

తెనాలి_రమ
మొన్న ఎక్కడో చదివాను, ఒకే దోసకాయలో 15 చేపలు దొరికాయని. ఇది కూడా నిజమేనా?

జువాలజీ_మాస్టారు
నిజమే, 1977లో అచ్చయిన వ్యాసం అది. మామూలుగా ఒకటో జతో ఉంటాయి, 15 అంటే అరుదు.

బెంజిసర్కిల్_బుజ్జి
సంక్రాంతికి మా పెదనాన్న ఇల్లే. బాత్రూం మాత్రం ఒకటే.

గోరంట్ల_డాక్టర్
అందరూ ముచ్చటగా కాపురం అంటున్నారు గానీ నాకు ఇది పరాన్నజీవి లాగే కనపడుతోంది. లోపలికి దూరి అవయవాలు తింటుందని చదివాను. చార్టు మీద "ఒకరింట్లో ఒకరు" అని తియ్యగా రాయడం తప్పు. పిల్లకి సగం నిజం నేర్పకండి.

నీటిలోతు
నేను చూసినది రాత్రి బయట తిరిగి వచ్చిందండీ. తినాలనుకుంటే లోపలే తినేదిగా, బయటికెందుకు?

గోరంట్ల_డాక్టర్
మీరు చూసింది ఒక్కటి. ఒక్కదాన్ని చూసి జాతి మొత్తానికి చెప్పలేం కదా.

జువాలజీ_మాస్టారు
ఇద్దరూ చెప్పింది నిజమే, రకాలు వేరు. కరాపస్ అనే ప్రజాతిలోవి పగలు లోపల తలదాచుకుని రాత్రి బయటికొచ్చి చిన్న రొయ్యలు, పురుగులు, చిన్న చేపలు పట్టుకు తింటాయి. ఇల్లుగలదానికి పెద్ద నష్టం లేదు, దీన్ని సహభోజకత అంటాం. ఎన్‌కీలియోఫిస్ అనే ప్రజాతిలో కొన్ని మాత్రం డాక్టర్ గారు అన్నట్టు లోపలే ఉండి దోసకాయ బీజకోశాల్ని, శ్వాస వృక్షాల్ని కొరుక్కు తింటాయి.

ఇది ఊహ కాదు. పొట్టలో ఏముందో కోసి చూడటంతో పాటు, 2004లో బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో దారిలో కూడా చూశారు. మనం తిన్న తిండి గుర్తు మన కండలో మిగిలిపోతుంది. కార్బన్‌లో, నైట్రోజన్‌లో కొంచెం బరువైన పరమాణువులు, తేలికైన పరమాణువులు ఉంటాయి కదా, వాటి పాళ్ళు తిండిని బట్టి మారతాయి. చేప కండలో పాళ్ళు, దోసకాయ అవయవాల్లో పాళ్ళు పోల్చి చూస్తే ఎవరు ఇల్లుగలదాన్ని తింటున్నారో, ఎవరు బయట తింటున్నారో తెలిసిపోయింది.

ఇంకోటి. దోసకాయ తన పేగుల్ని తనే బయటికి కక్కేసి మళ్ళీ పెంచుకోగలదు. అందుకే కొరికినా వెంటనే చచ్చిపోదు.

గోరంట్ల_డాక్టర్
ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. చార్టులో రెండు గళ్ళు గీయించండి, "ఉండి పోయేది", "ఉండి తినేది" అని. రెండో గడి లేకుండా మాత్రం పెట్టకండి.

బ్రాడీపేట_పద్మ
డాక్టర్ గారూ ఇప్పుడే గీసింది. మీ మాటలే రాసింది, అదే పదాలు. కానీ నా అసలు చిక్కు తీరలేదు. ఆ పదం ఏం పెట్టాలి? టీచరు గారు అసభ్యం అన్నారు కదా.

బెంజిసర్కిల్_బుజ్జి
నేనైతే ఆ టీచర్ని స్కూల్లోనే నిలదీసేవాడిని.

పెన్షన్_పంతులు
నిలదీయొద్దు బాబూ. నేను 30 ఏళ్ళు పైన బడిలో ఉన్నాను. ఎగ్జిబిషన్ ముందు వారం ఒక్కో టీచరు చేతికి అరవై చార్టులు వస్తాయి. తప్పుడు చార్టు గోడెక్కితే మాట పడేది ఆవిడ. తెలియని సంగతి "లేదు" అనేయడం పొరపాటే, నేనూ చేశాను, ఒక పిల్లవాడు గబ్బిలం గుడ్లు పెట్టదని రాస్తే ఆ వాక్యం తప్పని కొట్టేశాను. వాడు మర్నాడు పుస్తకం తెచ్చి చూపించాడు. వాడి ముందే సరిదిద్దాను, వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది. ఆవిడకీ ఆ అవకాశం ఇవ్వండి. పాపతో వెళ్ళి నిదానంగా చూపించండి.

ఇక పదం. పిల్లలకి ఒంట్లో భాగం పేరు చెప్పడంలో అసభ్యం ఏమీ లేదు. అయినా గోడ మీద కావాలంటే తెలుగు అకాడమీ వాళ్ళ మాట ఉంది కదా మాస్టారూ?

జువాలజీ_మాస్టారు
ఉంది, "అవస్కరం". పేగు, శ్వాస వృక్షాలు రెండూ తెరుచుకునే గది అది. శాస్త్రం ప్రకారం కూడా ఇక్కడ అదే సరైన మాట, ఎందుకంటే చేప పేగులోకి పోవడం లేదు, ఆ గదిలోంచి శ్వాస వృక్షంలోకో, దాన్ని చీల్చుకుని ఒంటి కుహరంలోకో పోతుంది.

తెనాలి_రమ
"అవస్కరం" అంటే చూడటానికి వచ్చినవాళ్ళలో ఎవరికి అర్థమవుతుంది? కింద "ఊపిరి తీసుకునే వెనక ద్వారం" అని కూడా రాయించు పద్మా.

కైకలూరు_చెరువు
మాటలతో ఎంత రాసినా ఒకటే. ఊపిరి ఎలా లాగుతుందో చూపిస్తే ఎవరూ కాదనలేరు. పాత ఆటో హారన్‌కి ఉండే రబ్బరు బుడ్డి దొరుకుతుందా? దానికి సైకిల్ ట్యూబు ముక్క తగిలించి నీళ్ళ తొట్టెలో ముంచండి. బుడ్డి నొక్కి వదిలితే ట్యూబు మూతి గుండా నీళ్ళు లోపలికి పోతాయి, నొక్కితే బయటికొస్తాయి. అదే మీ దోసకాయ.

అక్వేరియం_వంశీ
తొట్టె నేను ఇస్తా. ఆదివారం గుంటూరు వస్తున్నా, బ్రాడీపేటలో ఎక్కడో చెప్పండి. అడుగున వేయడానికి ఇసుక కూడా తెస్తా. డబ్బులు వద్దు.

బ్రాడీపేట_పద్మ
ఆదివారం అంటే ఎగ్జిబిషన్ అయిపోతుంది వంశీ గారూ. మా ఇంట్లో స్టీలు బేసిన్ ఉంది, దాంతో చేస్తాం. మీరు అన్నదే చాలు. హారన్ బుడ్డి మావారు కొత్తపేటలో పాత సామాన్ల కొట్లో పట్టుకొచ్చారు, కొంచెం పగిలింది, రబ్బరు బ్యాండు చుట్టాం.

నీటిలోతు
చేపకి పుస్తకాలకి వేసే పారదర్శకం కవరు సన్నగా కత్తిరించండి. నీళ్ళలో కనపడీ కనపడకుండా ఉంటుంది, అచ్చం అలాగే. కంటికి ఒక నల్ల చుక్క.

తెనాలి_రమ
దీని పిల్లల సంగతి కూడా రాస్తే బాగుంటుంది. లోపలే పెడుతుందా గుడ్లు?

జువాలజీ_మాస్టారు
లేదు, గుడ్లు జిగురు తెప్పలా నీటి పైభాగంలో తేలతాయి. పొదిగిన పిల్లకి వీపు మీద జెండాలా ఒక పొడుగు పోగు ఉంటుంది, ఆ దశని వెక్సిలిఫర్ అంటారు. అప్పుడది నడిసముద్రంలో కొట్టుకుపోతూ పెరుగుతుంది. తర్వాత ఆ పోగు పోయి ఇంకా సన్నగా, పొడుగ్గా అవుతుంది. ఆ దశలో కిందికి దిగి ఇల్లు వెతుక్కుంటుంది. ఇల్లు దొరికాక పొడవు బాగా తగ్గిపోయి పిల్లచేప రూపం వస్తుంది. పెరిగి చిన్నదవడం అనేది పాపకి నచ్చుతుంది చూడండి.

గోరంట్ల_డాక్టర్
చప్పుడు చేస్తుందని కూడా విన్నాను.

జువాలజీ_మాస్టారు
చేస్తుంది. లోపలున్న గాలితిత్తిని కండతో లాగి వదిలి డప్పులా మోగిస్తుంది. ఒకటున్న దోసకాయలోకి ఇంకోటి వెళ్ళినప్పుడు ఈ చప్పుడు రికార్డు చేశారు. ముత్యపు చిప్పలో ఉండే రకానిది ఫ్రెంచ్ పాలినీషియాలో విన్నారు.

నిజాంపట్నం_బోటు
పాప చార్టులో ఒక మాట చేర్చమనండి. సముద్ర దోసకాయలు పట్టడం మన దేశంలో 2001 నుంచి నిషేధం. చైనా వైపు బాగా ధర పలుకుతుందని దొంగతనంగా పట్టేవాళ్ళు ఉన్నారు. దోసకాయ పోతే దాన్ని నమ్ముకున్న చేప కూడా పోతుంది కదా. ఇది నాకు ఈ చర్చ చదివాకే తట్టింది.

నీటిలోతు
అన్న చెప్పింది రాయాల్సిందే. లక్షద్వీప్‌లో 2020లో చెరియపాణి దగ్గర వీటి కోసమే రక్షిత ప్రాంతం కూడా పెట్టారు.

పెన్షన్_పంతులు
ఏమైంది అమ్మా? శుక్రవారం దాటిపోయింది.

బ్రాడీపేట_పద్మ
రెండు రోజులు ఇంట్లో చుట్టాలు, ఇప్పుడు కుదిరింది. పంతులు గారు అన్నట్టే ముందు రోజు సాయంత్రం స్టాఫ్ రూముకి వెళ్ళాం, బేసిన్ కూడా పట్టుకుని. టీచరు గారు మొదట "మళ్ళీ అదేనా" అన్నారు. పాప ఏమీ మాట్లాడకుండా బేసిన్‌లో నీళ్ళు పోసి, ట్యూబు ముంచి, బుడ్డి నొక్కి వదిలింది. "మేడమ్, వేలు పెట్టి చూడండి" అంది. ఆవిడ గాజులు పైకి జరుపుకుని ట్యూబు మూతి దగ్గర వేలు పెట్టారు. "లాగుతోందే" అన్నారు. ఇంకోసారి నొక్కమన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని చార్టు మొత్తం చదివారు. టీ సీడ్ కేక్ దగ్గర ఆగి, వాళ్ళ అన్నయ్యకి భీమవరంలో చెరువులున్నాయట, అక్కడికక్కడే ఆయనకి ఫోన్ చేసి అడిగారు. అవస్కరం అనే మాట ఎర్ర స్కెచ్‌తో పెద్దగా రాయమన్నారు, అంతే.

ప్రైజు ఏమీ రాలేదు, సోలార్ కుక్కర్ వాళ్ళకి ఇచ్చారు. కానీ మా బేసిన్ దగ్గర పిల్లలు లైను కట్టి వేలు పెట్టి చూశారు. సాయంత్రానికి రబ్బరు బ్యాండు తెగిపోయింది.

మాస్టారూ, దానికి ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఒక అబ్బాయి అడిగాడట, ఇది చెప్పలేకపోయింది. తోక ముందు పెట్టే చేపకి వెనక కళ్ళు లేవు కదా, రంధ్రం ఎక్కడుందో తోకకి ఎలా తెలుస్తుంది?

జువాలజీ_మాస్టారు
దోసకాయని వాసనతోనూ, అది వదిలే నీటి ఒరవడితోనూ కనుక్కుంటుంది. ఇక తోకకి దారి మన నీటిలోతు ముందే రాశారు, పైకి వెళ్ళి చూడండి. ముక్కు ఆనించి ఆగింది అన్నారు కదా. ఆ ముక్కే గుర్తు. ముక్కు కదపకుండా, తోకని తన ఒంటి వెంటే జరుపుకుంటూ ముక్కు దాకా తెస్తుంది. ముక్కు ఉన్న చోటే రంధ్రం.

బ్రాడీపేట_పద్మ
ఇది చదవగానే ప్లాస్టిక్ చేపని తీసి చూపుడు వేలితో తల నొక్కిపట్టి తోక మడుస్తోంది. బుడ్డికి కొత్త రబ్బరు బ్యాండు అడుగుతోంది.